ఖాళీ గంగాళం

మా అత్తకు ఇంట్లో ఖాళీ పాత్ర కనిపిస్తే మనసు నిలవదు. బిందె, తపేలా, చెంబు, ఆఖరికి పిల్లవాడి ఉగ్గుగిన్నె అయినా సరే, బోర్లించి ఉంటే తిప్పి నీళ్లు పోసి పెడుతుంది. ఆమె పుట్టి పెరిగింది ఓర్వకల్లు పక్కన, రాతిగుట్టల నడుమ ఒక చిన్న పల్లెలో. అక్కడ ఆడవాళ్లు వంక ఇసుకలో చెలమ తవ్వి, ఊరే నీళ్లను కొబ్బరిచిప్పతో తోడుకుంటూ, ఒక్క బిందె కోసం సగం పొద్దు కూర్చునేవాళ్లట. మొహం కడుక్కున్న నీళ్లు కాళ్లకు, కాళ్లు కడుక్కున్న నీళ్లు కరివేపాకు చెట్టుకు. నీళ్లు ఊరికే పారబోసిన మనిషిని ఆమె తిట్టదు. ఒకసారి చూస్తుంది, అంతే. కాపురానికి వచ్చిన కొత్తలో బియ్యం కడిగిన నీళ్లు తూములో పోసినప్పుడు నన్ను అలా చూసింది. మళ్లీ నేను పోయలేదు.

నేను కడపదాన్ని. మా నాన్న అక్కడ బడిపంతులు. ఆయన పట్టుదల వల్లే కాలేజీలో చేరి భూగోళం చదివాను. పెళ్లికి మా అమ్మ నాకు ఒక ఇత్తడి గంగాళం ఇచ్చింది. వెడల్పాటి నోరు, రెండు పక్కలా కడియాలు. బస్సు మీదికి ఎక్కించడానికి ఇద్దరు మగవాళ్లు కావాల్సి వచ్చింది. కర్నూలులో దాన్ని దించగానే మా అత్త చుట్టూ ఒకసారి తిరిగి, అంచు మీద వేలితో కొట్టి, ఆ మోత ఆగేదాకా విని, "మీ అమ్మ తెలివిగలామె. నగలు పెట్టింటే నాకేం పనికొస్తాండె?" అంది. ఆ సాయంత్రానికి గంగాళం నిండింది. తోమడానికి తప్ప అది ఖాళీగా ఉండడం నేను చూడలేదు.

అప్పుడు మేము ఊళ్లో మిట్ట మీద ఉండేవాళ్లం. గాలి వచ్చే ఇల్లు. బావి లేదు. తోలుసంచీతో నీళ్లు మోసే బిస్తీ అతను వచ్చి పోసి వెళ్లేవాడు. ఎండలు ముదిరాక కొన్ని రోజులు రాడు. వచ్చిన రోజు అవి ఎక్కడి నీళ్లని అడగం, అడిగితే రేపు రాడేమోనని. మా మొదటి బిడ్డ, ఆడపిల్ల, ఆ ఎండాకాలంలోనే పోయింది. పొద్దున వాంతులు మొదలయ్యాయి. పొద్దు వాలేసరికి ఏడుస్తోంది కానీ కంట్లో నీళ్లు లేవు. నోట్లో వేలు పెడితే పొడిగా, బట్టకు తగిలినట్టు తగిలింది. డాక్టరు నీళ్ల వల్లే అన్నాడు. మా అత్త గంగాళం వైపు చూసింది. నేనూ చూశాను.  కొన్ని రోజులయ్యాక ఆమె దాన్ని చింతపండుతో తోమి, ఎండలో ఆరబెట్టి, మళ్లీ నింపింది.

తరువాత నాకు మిగిలిన కోరిక ఒకటే. బావి ఉన్న ఇల్లు.

హంద్రీ ఏటి వైపు, పల్లంలో, ఒక వీధి ఉంది. అక్కడ ప్రతి ఇంటికీ చేదబావి ఉంది. ఊరంతా బావులు ఎండినా ఆ వీధి బావుల్లో నీళ్లుంటాయి. అందుకే అక్కడ ఇల్లు దొరకదు. పైగా అప్పుడు కర్నూలు రాజధాని అయింది. ఆఫీసులకే చోటు చాలక డేరాలు వేశారు. మా ఆయనది సర్కారు గుమాస్తా ఉద్యోగం. ఎవరో బదిలీ అయి ఖాళీ చేస్తున్నారని తెలిసి, ఆయన ఆఫీసు నుంచి తిన్నగా పరుగెత్తుకుని వెళ్లి మాట తీసుకున్నాడు. మేము అదృష్టవంతులమని అందరూ అన్నారు. నీళ్లు ఎందుకు అంత దగ్గరగా ఉన్నాయో నాకు తెలియక కాదు. ఏటి పక్కన పల్లపు నేల, తవ్వితే నీళ్లు పడతాయి. ఆ వీధిలో ఎవరిని అడిగినా ఇదే చెప్పేవాళ్లు, గర్వంగా. నీళ్లు మాకు దగ్గర అని అందరూ అనుకున్నారు. మేము నీళ్లకు దగ్గర అని ఎవరూ అనుకోలేదు. ఏట్లో ఏడాదిలో ఎక్కువ రోజులు ఇసుకే ఉండేది. పిల్లలు గోలీలు ఆడేవాళ్లు, చాకళ్లు బట్టలు ఆరేసేవాళ్లు.

ఆ ఇంట్లో ఒక్కటే చిక్కు. గోడగూళ్లు మరీ ఎత్తున ఉన్నాయి. కుంకుమభరిణె తీయాలన్నా పీట వేసుకుని ఎక్కాలి. "ఈ ఇల్లు కట్టినోళ్లు మనుషులా, తాటిచెట్లా?" అని మా అత్త పీట ఎక్కినప్పుడల్లా అనేది. ఇంటి యజమానిని అడిగితే, తాతల నాడు కట్టింది, తనకు తెలియదన్నాడు.

మా అబ్బాయి ఆ ఇంట్లోనే పుట్టాడు. వాడికి పట్టే నీళ్లు నేనే తోడి, నేనే కాచి, నేనే వడగట్టేదాన్ని. నిద్రపోతున్నా సరే, మధ్యమధ్య చిటికెనవేలు కడుక్కుని వాడి నోట్లో పెట్టి చూసేదాన్ని, తడి ఉందా అని. వాడు దాన్ని చీకడానికి చూసేవాడు. మా ఆయన నవ్వేవాడు. మా అత్త నవ్వేది కాదు.

పక్క వాటాలో బందరు నుంచి వచ్చినావిడ ఉండేది. ఆవిడ భర్తకూ రాజధానితో పాటే ఈ ఊరు వచ్చింది. నాకంటే పెద్దది, నేను అక్కా అనేదాన్ని. మా ఇంట్లో బందరక్క అనే పేరు స్థిరపడింది. ఆవిడ దూలానికి ఒక మూట కట్టి ఉంచేది. అందులో ఒక జత బట్టలు, అగ్గిపెట్టె, కొంచెం అటుకులు, చుట్టూ మైనపు గుడ్డ. మా అత్త మొదటిసారి దాన్ని చూసి, "ఏం తల్లీ, మొగునితో కొట్లాడినావా, మూట కట్టినావు?" అంది.

"తుపాను మూటండీ అత్తయ్యగారూ. మా వైపు కార్తీకం వస్తే ప్రతి ఇంట్లోనూ కడతారు."

"ఈడ యాడిది తుపాను? సముద్రమే ల్యాకపాయె."

"అలవాటండీ. ఆ మూట లేకపోతే నాకు నిద్ర పట్టదు."

మా అత్త ఆ జవాబును ఒప్పుకుంది. తన బిందెల వైపు చూసి తల ఊపింది.

పేపరు బందరక్క వాళ్లింట్లో చదవడం అయ్యాక, ఒక రోజు ఆలస్యంగా మా ఇంటికి వచ్చేది. ఆ ఏడు ముంగారు వాన సరిగా పడలేదు, వెనకవానలూ మొహం చాటేశాయి. పల్లెలో మా అత్త చేలో జొన్న మోకాలెత్తు కూడా రాలేదు. ఆ మధ్యాహ్నం అరుగు మీద కూర్చుని నేను పైకి చదివాను. బంగాళాఖాతంలో వాయుగుండం పుట్టిందని, కోస్తాకు తుపాను ముప్పు ఉందని, సముద్రం పక్క పల్లపు ఊళ్ల వాళ్లు మెరక ప్రాంతాలకు వెళ్లాలని.

"యా పక్కకు వస్తాదంట?" అంది మా అత్త. ఆ గొంతులో ఆశ.

"నెల్లూరుకూ బందరుకూ మధ్య ఎక్కడో దాటుతుందట అత్తా."

"నెల్లూరు కాడ దాటనీ నాయనా. ఆడ దాటితే మనకు బాగ పడతాది."

బందరక్క అప్పుడే చింతకాయ తొక్కు గిన్నెతో వచ్చింది. అలాగే నిలబడిపోయింది. "అత్తయ్యగారూ, అక్కడ మా అమ్మా నాన్నా ఉన్నారండీ. మాది సముద్రం పక్కనే."

"మీ అమ్మోళ్లకేం కాదులే తల్లీ, వాళ్లూ మూట కట్టుకోనుంటారు. మీకు తుపాను కొడితేనే కదా మాకు నాలుగు చినుకులు. మీకు బస్తా, మాకు కొసరు."

"కొసరట, కొసరు! శెట్టి కొట్లో బెల్లంముక్క అనుకున్నారా? మీ ఊళ్లో వానొస్తే కొత్తల్లుడు దిగినట్టు చేస్తారండీ."

"అల్లుడు నయం. ఏడాదికి మూడుసార్లన్నా వస్తాడు."

బందరక్కకు నవ్వు వచ్చింది. నవ్వి, వెంటనే కళ్లు తుడుచుకుంది. నేను పేపరు మడిచి పెట్టాను. ఆ ఒక్క వార్తకే ఒకామె మొహం వెలిగింది, ఇంకొకామె మొహం పాలిపోయింది. నాకు మాత్రం ఏదీ అనిపించలేదు. ఆడపిల్ల పోయినప్పటి నుంచి నాకు వార్తలు అలాగే వినిపించేవి, గోడ అవతల ఎవరో మాట్లాడుకుంటున్నట్టు.

వాన మొదలయ్యేనాటికి మా ఆయన ఊళ్లో లేడు. ఆఫీసు పని మీద కడపకు క్యాంపు వెళ్లాడు. మొదటి రోజు అది మా వైపు వానలాగే పడింది. వీధివీధంతా పాత్రలు బయటికి వచ్చాయి. చూరు కింద వరసగా బిందెలు, తపేలాలు, గుండిగలు, మూకుళ్లు. మా అత్త తడుస్తూ తిరిగింది. ఇంట్లో నీళ్లు పట్టేది ఏదీ వదల్లేదు. గంగాళంలో ఉన్న బావినీళ్లను కూడా వేరే బిందెల్లోకి మార్చి, దాన్ని పెరటి అరుగు మీద చూరు కింద పెట్టి, వాననీళ్లతో నింపింది. "పప్పుకు వాననీళ్లు పోస్తే వెన్న మాదిరి ఉడుకుతాది, చూడు పిల్లా," అంది. సాయంత్రం ఆడవాళ్లంతా పసుపు కుంకుమ పట్టుకుని ఏటికి పోయారు, కొత్తనీళ్లను చూడడానికి. పిల్లవాడిని కూడా తీసుకుపోయి కాళ్లు తడిపిస్తానని మా అత్త అడిగింది. వాడికి చలి చేస్తుందని నేను ఇవ్వలేదు. ఆమె పట్టు పట్టలేదు. తిరిగి వచ్చి, తడి కొంగు చివరను వాడి అరికాలికి అద్ది, "మీ అమ్మ పంపల్యా, అందుకే ఏరే వచ్చింది నీ కాడికి," అంది.

ఆ మాట ఆమె ముద్దుకు అన్నది.

వాన ఆగలేదు. మర్నాడూ పడింది, ఆ మర్నాడూ పడింది. వీధిలో నవ్వులు తగ్గాయి. ఏటి వైపు నుంచి వచ్చిన ఒక పెద్దాయన మా అరుగు దగ్గర నిలబడి గొంగడి పిండుకుంటూ చెప్పాడు. "తుంగభద్ర నిండి పోతాందమ్మా. హంద్రిని కలవనీడంల్యా. వచ్చిన నీళ్లు వచ్చినట్టే ఎనక్కు తంతాండాయి."

పెద్ద ఏరు నిండి ఉంటే చిన్న ఏరు అందులోకి దిగలేదు. అప్పుడు అది పక్కనున్న పల్లం వెతుక్కుంటుంది. ఇది నేను పుస్తకంలో చదివాను, బొమ్మ కూడా గీశాను. ఆ పల్లంలో నా ఉయ్యాల ఉంది.

"అత్తా, మిట్ట మీదికి పోదాం," అన్నాను.

ఆమె పొయ్యి ముందు కూర్చుని తడి కట్టెలు ఊదుతోంది. తల తిప్పలేదు. "యాడికి? ఆ నీళ్లు లేని ఇంటికా?"

 మిట్ట అంటే మా ఇద్దరికీ ఒక ఇల్లే. అందులో ఆడపిల్లను పడుకోబెట్టిన ఒక మూల.

మర్నాడు పొద్దున ఆమె పెరట్లోంచి నన్ను కేకేసింది. "పిల్లా, ఇట్ల రా! చేద వద్దు, తాడు వద్దు, చూడు!" బావి నీళ్లు గట్టుకు మూరెడు దిగువ దాకా ఎక్కాయి. ఆమె వంగి చెంబుతో ముంచుకుంది. ఆ వయసులో, ఆ నీళ్లలో చేయి పెట్టి ఆమె చిన్నపిల్లలా నవ్వింది. చెంబు ఎత్తి చూసింది. నీళ్లు ఎర్రగా ఉన్నాయి. వాసన చూసింది. నవ్వు ఆగిపోయింది. "ఏటి మట్టి వాసన," అంది మెల్లగా. ఆ నీళ్లను బావిలో మళ్లీ పోసేసింది. పారబోయలేదు, పోసేసింది.

నీళ్లు మా ఇంట్లోకి వీధి నుంచి రాలేదు. స్నానాలదొడ్డి తూములోంచి వచ్చాయి. ఇన్నాళ్లూ బయటికి పోయే దారి లోపలికి తిరిగింది. ముందు బుడగలు, తరువాత పేడ, గడ్డి, తరువాత నీళ్లు. కడప బండలు పరిచిన నేల మీద అవి చప్పుడు లేకుండా పరుచుకున్నాయి. నేను ఉయ్యాల తాళ్లు పైకి బిగించి కట్టాను. కాసేపటికి నీళ్లు పిక్కల దాకా వచ్చాయి. మళ్లీ బిగించాను. ఇంకా పైకి కట్టడానికి తాళ్లలో చోటు లేదు.

అప్పుడు బందరక్క వచ్చింది, దూలం మీది మూట తల మీద పెట్టుకుని, నిలువునా తడిసి. ఆవిడ భర్త డేరాల వైపే చిక్కుకున్నాడు.

"ఇంకా ఇంట్లోనే ఉన్నారేంటమ్మాయ్! చర్చి బడి దగ్గర మెరకగా ఉంది, జనం అక్కడికే పోతున్నారు. పద."

"వీధిలో ఎంత ఉన్నాయక్కా?"

"నాకు ఇక్కడి దాకా." ఆవిడ రొమ్ము మీద చేయి పెట్టి చూపించింది. "మురిక్కాలవ మీది బండలు కొట్టుకుపోయాయి. కాలు ఎక్కడ పడుతుందో తెలియడం లేదు. రెండుసార్లు పడ్డాను. పిల్లాణ్ణి చంకనేసుకుని దిగావంటే ఇద్దరూ పోతారు."

ముగ్గురం నిలబడ్డాం. పిల్లవాడు ఉయ్యాలలో కాలు ఎత్తి వేలు నోట్లో పెట్టుకుంటున్నాడు. బందరక్క చూపు ఇల్లంతా తిరిగి పెరటి చూరు దగ్గర ఆగింది.

"గంగాళం. అందులో పెట్టి తోసుకుపోదాం. తేలుతుంది. నీళ్లు పారబోయండి అత్తయ్యగారూ."

మా అత్త కదలలేదు.

"పారబోయడమా?" అంది.

"మరెలాగండీ?"

"ఉండు. వేరే దాంట్లో పోస్తా."

ఆమె చెంబు తీసుకుని ఇల్లంతా వెతికింది. నీళ్లలో అడుగులు వేస్తూ, వంటింట్లో, పడమటింట్లో, అటక కింద. బిందెలు నిండి ఉన్నాయి. గుండిగలు నిండి ఉన్నాయి. మరచెంబు మూత తిప్పి చూసింది, నిండి ఉంది. చివరికి ఉగ్గుగిన్నె చేతిలోకి తీసుకుంది. అదీ నిండి ఉంది. ఇంట్లో అన్నిటినీ నింపింది ఆమే. నేల మీద మోకాళ్ల దాకా నీళ్లు తిరుగుతున్నాయి. ఆమె నీళ్లకు చోటు వెతుకుతోంది.

"అత్తయ్యగారూ, మీ కాళ్ల కింద చూసుకోండి, ఇంకెక్కడ పోస్తారు!" అని బందరక్క అరిచింది.

"అవి నీళ్లు కాదు," అంది మా అత్త. "ఇవి నీళ్లు."

నేను ఆమె చేయి పట్టుకుని, "అత్తా, వాడు," అన్నాను. 

ఆమె గంగాళం దగ్గరికి వెళ్లింది. చెంబుతో ముంచి ముందు తాను తాగింది. మళ్లీ ముంచి నాకిచ్చింది. "తాగు. మళ్ల యాడ దొరుకుతాయో." తాగాను. బందరక్కకూ ఇచ్చింది. ఆవిడా తాగింది. వాననీళ్లు చల్లగా, ఏ రుచీ లేకుండా ఉన్నాయి. వరదలో నిలబడి ముగ్గురం కడుపు నిండా నీళ్లు తాగాం. తరువాత ఆమె రెండు కడియాలూ పట్టుకుని, ఎవరినీ తాకనివ్వకుండా, తానే గంగాళాన్ని ఒరగదోసింది. తెల్లటి నీళ్లు ఎర్రటి నీళ్లలో కాసేపు విడిగా కనిపించాయి. కలిసిపోయేదాకా ఆమె చూసింది.

ఎత్తుగూట్లో ఒక దుప్పటి పొడిగా ఉంది. పీట తేలిపోతోంది; బందరక్క నన్ను ఎత్తితే అందుకున్నాను. దుప్పటి వేసి, వాణ్ణి పడుకోబెట్టి, వాన పడకుండా పైన చేట కప్పాం. చేదతాడు ఒక కడియానికి కట్టి బందరక్క ముందు నడిచింది. మా అత్తా నేనూ చెరో పక్క పట్టుకున్నాం.

వీధిలోకి దిగాం. ఎవరిదో గడ్డివామి తునక, ఎవరిదో తలుపు, ఒక జత చెప్పులు పక్కపక్కనే కలిసి పోతున్నాయి. చేట కింద వాడు నాకు కనిపించడం లేదు. గంగాళం గోడను వాడు కాలితో తంతున్న చప్పుడు మాత్రం వినిపిస్తోంది. ఆగి ఆగి, ఇత్తడి మోత. అది వినిపించినప్పుడు ఒక అడుగు వేసేదాన్ని. వేరే ఏమీ వినలేదు. జనం కేకలు వేస్తున్నారట, పక్క వీధిలో గోడ కూలిందట, తరువాత చెప్పారు.

మలుపు దగ్గర ఆ చప్పుడు ఆగిపోయింది.

"అత్తా, చేట తియ్యి."

"చెయ్యి వదిలితే ఒరుగుతాది పిల్లా. నడువు."

"చప్పుడు లేదత్తా."

"నిద్రపోయింటాడు. నడువు నాయనా, నడువు."

నడిచాను. ఆ మలుపు నుంచి చర్చి బడి మెట్ల దాకా ఉన్న దారి నాకు గుర్తులేదు. గుర్తు తెచ్చుకోవాలని చూస్తే చేట అల్లికే కనిపిస్తుంది, దాని మీద పడుతున్న చినుకులు.

మెట్ల మీద నేనే చేట తీశాను. వాడు కళ్లు మూసుకుని ఉన్నాడు. చిటికెనవేలు వాననీళ్లలో కడిగి వాడి నోట్లో పెట్టాను. తడిగా ఉంది. వాడు నిద్రలోనే దాన్ని చీకాడు. నాకు ఏడుపు వస్తుందనుకున్నాను, రాలేదు. బందరక్క ఏడ్చింది. మా అత్త మెట్టు మీద కూర్చుని తన అరచేతులు చూసుకుంది. కడియాలు ఒరుసుకుని తోలు ఊడింది.

బడి వరండాలో వీధివాళ్లంతా ఉన్నారు. చుట్టూ నీళ్లు, తాగడానికి లేవు. పాస్టరు గారి భార్య కుండెడు నీళ్లు తెచ్చి పిల్లలకు పోసింది, అంతే అయిపోయాయి. గొంగడి కప్పుకున్న ఒకాయన గంగాళాన్ని చూశాడు. "పెద్దమ్మా, ఆ గంగాళం చూరు కింద పెడితే క్షణంలో నిండుతాదే. అందరం తాగుతాం."

పెట్టమంటుందనుకున్నాను. ఖాళీ పాత్ర, పైన చూరునీళ్లు. ఆమె గంగాళానికి అడ్డంగా జరిగి కూర్చుంది.

"పిల్లోడు పండుకున్యాడు. అది వానిది. నీ గొంగడి పట్టుకోపో."

అందరూ నవ్వారు. ఆయనా నవ్వి, నిజంగానే నాలుగు మూలలా గొంగడి పట్టించి నీళ్లు పట్టాడు. గొర్రెబొచ్చు వాసనతో అందరం తాగాం.

నీళ్లు తీశాక కూడా రైళ్లు, బస్సులు వెంటనే నడవలేదు. మా ఆయన కడప నుంచి దొరికిన లారీ ఎక్కి, కొంత దూరం నడిచి వచ్చాడు. ముందు మా వీధికి వెళ్లి, తలుపులు బార్లా తెరిచి ఉన్న ఇంటిని చూసి, అక్కడి నుంచి బడికి వచ్చాడట. వరండాలో నన్ను చూసి నిలబడ్డాడు. నా చేతులు ఖాళీగా ఉన్నాయి. ఆయన మొహం ఏమైందో నేను చూశాను.  నేను గంగాళం వైపు చూపించాను. ఆయన వంగి చూసి, దాని అంచు పట్టుకుని అలాగే కూర్చుండిపోయాడు. పిల్లవాడు ఆయన మీసం పట్టుకున్నాడు.

ఇల్లు కూలలేదు. గోడల మీద నీళ్లు నిలిచిన గీత పడింది. గూళ్లు ఆ గీతకు జానెడు పైన ఉన్నాయి. కుంకుమభరిణె, అద్దం, నా కాలేజీ పుస్తకాలు చెక్కుచెదరలేదు. మా అత్త ఆ గీతను, గూటిని మార్చి మార్చి చూసి, "తాటిచెట్లు కాదులే పాపం," అంది. కట్టినవాళ్లకు తెలుసు. గూళ్లు అలా కట్టారు. ఎందుకో చెప్పకుండా పోయారు, లేదా చెప్పినా వినేవాళ్లకు ఏట్లో ఇసుకే కనిపించి ఉంటుంది.

కొన్నాళ్లకు బందరక్కకు కబురు అందింది. వాయుగుండం నెల్లూరుకు కూడా దక్షిణంగా ఎక్కడో దాటిందట. వాళ్ల ఊళ్లో చెప్పుకోదగ్గ వాన కూడా లేదట. "బస్తా మీకే దించారండీ అత్తయ్యగారూ," అంది ఆవిడ. మా అత్త కందికాయలు ఒలుస్తోంది. "ఔ తల్లీ. కొసరు మీకే పంపాల్సింది," అంది.

మేము ఆ ఇల్లు వదల్లేదు. వేరే ఇల్లు దొరకలేదు, అదొకటి. బావిని తోడించి, మందు వేయించాక మళ్లీ మంచినీళ్లు ఊరాయి, అదొకటి. మిట్ట మీద నీళ్లు లేవు, ఇక్కడ నీళ్లున్నాయి. ఈ రెంటిలో దేనికి ఎక్కువ భయపడాలో నాకు తేలలేదు. పిల్లవాడు పడుకున్నాక ఇలా కూర్చుని రాస్తుంటే తేలుతుందేమోనని చూస్తున్నాను.

ఈ ఎండాకాలం గట్టిది. పల్లెలో చెలమలు ఎండాయి. ఎప్పుడూ ఎండదన్న మా బావిలో కూడా చేద వేస్తే బురద తగులుతోంది. చాలాసేపు ఊరనిచ్చి, తెల్లవారుజామున తోడుకుంటున్నాం. మా అత్త మళ్లీ బిందెలు, తపేలాలు, చెంబులు, అన్నీ నింపి పెడుతోంది. గంగాళం మాత్రం ఉయ్యాల పక్కన, గోడకు ఆనించి, ఖాళీగా ఉంది. వరద తీసిన రోజు నుంచి అది అక్కడే ఉంది. అక్కడ పెట్టమని నేను అడగలేదు. నింపుదామా అని ఆమె అడగలేదు. రోజూ చీర కొంగుతో లోపల తుడుస్తుంది, అంతే.

మొన్న బందరక్క వచ్చి చూసి ఉండబట్టలేకపోయింది. "అత్తయ్యగారూ, వీధిలో మనుషులు చెంబు నీళ్ల కోసం కొట్టుకుంటున్నారు. మీరేమో ఇంత గంగాళం ఎండబెట్టుకుని కూర్చున్నారు. ఆకాశంలో మబ్బు తునక కూడా లేదు కదండీ?"

మా అత్త చేటలో బియ్యం ఏరుతోంది. తల ఎత్తలేదు.

"అది వానిదిలే తల్లీ," అంది. ఒక రాయి ఏరి పక్కన పెట్టి, "నీ మూట విప్పినావా?" అని అడిగింది.

బందరక్క చేట దగ్గరికి జరిగింది. కూర్చుని తానూ రెండు రాళ్లు ఏరింది.

పిల్లవాడికి ఇప్పుడు నడక వచ్చింది. గోడ పట్టుకుని గంగాళం దాకా వెళతాడు. పెరట్లో ఏరుకున్న పలుగురాళ్లు ఒక్కొక్కటే అందులో వేస్తాడు. వంటింట్లో ఉంటే నాకు ఆ మోత వినిపిస్తుంది. నీళ్లున్న పాత్రలో రాయి పడితే అలా మోగదు. మోత వచ్చాక నేను కూర తరగడం మొదలుపెడతాను. ఆగితే, కత్తిపీట వదిలి, తలుపు దాకా వెళ్లి చూసి వస్తాను. వాడు తరువాతి రాయి కోసం వంగి ఉంటాడు.